పీటర్ అతుకులు

జహీరాబాద్ స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో నాకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. దాని పక్కనే పీటర్ కళాయి దుకాణం. మధ్యలో ఒక తడిక అడ్డం, అంతే. అతని కొలిమి పొగ నా గొంతులోకి, నా పంక్చరు మందు వాసన అతని ముక్కులోకి పోతుండేవి. పీటర్ సంగతి నాకు తెలిసినంతగా ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. తమకు తెలుసని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి, వాళ్లతో నేను మాట్లాడతాను.

పీటర్‌ది న్యాల్‌కల్ వైపు ఊరు. జొన్నచేలల్లో కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. మీసం రాకముందే జహీరాబాద్ వచ్చి ఒక ముసలి ఉస్తాద్ దగ్గర చేరి తిత్తి ఊదాడు. ఉస్తాద్ పోయాక ఆ తిత్తీ ఆ కొలిమీ ఇతనికే మిగిలాయి. పనిలో అతన్ని మించినవాడు లేడు. ఇత్తడి గిన్నెను ఇసుకతో, బూడిదతో తోమి, బొగ్గుల మీద పెట్టి కాల్చేవాడు. కాలిన గిన్నెలో నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది, లోహానికి పట్టిన మురికంతా దాంతోపాటే పోయేది. అప్పుడు తగరం పుల్ల ఆనిస్తే నీళ్లలాగా పరుచుకునేది. దూదితో ఒక్క తిప్పు తిప్పి, సుయ్యిమని నీళ్ల తొట్టిలో ముంచి తీస్తే గిన్నెలో ముఖం చూసుకోవచ్చు.

ఆ మెరుపు చూసుకుని మురిసిపోయేవాడు. మెరిస్తే తగరం పట్టినట్టు, మెరవకపోతే మళ్లీ కాల్చాలి. ఉస్తాద్ చెప్పింది అంతే, ఇతను నమ్మిందీ అంతే. దేవుణ్ణి నమ్మినదానికంటే మెరుపును ఎక్కువ నమ్ముతావని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆదివారం ప్రార్థనలో కూడా అతని చూపు పాదిరిగారి ముందున్న గిన్నె మీదే ఉండేదట. ఆ మాట నాతో చెప్పింది అతని భార్యే.

ఆమె పేరు సుమిత్ర. ఝరాసంగం దారిలో ఒక పల్లెలో క్రైస్తవ సంఘం నడిపే చిన్న బడిలో పంతులమ్మ. పంతులమ్మకు కళాయి మొగుడేమిటని బజారులో కొందరు మూతులు తిప్పేవాళ్లు. వాళ్లిద్దరూ పట్టించుకోలేదు. సాయంత్రం బస్సు దిగి ఆమె నేరుగా దుకాణానికే వచ్చేది. ఆ రోజు పిల్లలు ఏ పాఠం ఎలా అప్పజెప్పారో, ఎవడు ఎక్కడ నత్తికొట్టాడో వాళ్ల గొంతులతోనే చేసి చూపించేది. పీటర్ తిత్తి ఆపి మరీ వినేవాడు. తడికకు ఇవతల నేను కూడా చెయ్యి ఆపి వినేవాణ్ణి. నిజం చెప్పాలంటే సాయంత్రాల్లో నేను దుకాణం తొందరగా మూయకపోవడానికి కారణం అదే.

పంతొమ్మిది వందల అరవై ఐదులో ఆమెకు క్షయ పట్టింది. నెలల తరబడి దవాఖానాలో పెట్టుకుని సూదులు వేశారు. ప్రాణం దక్కింది. ఆ సూది మందుకు చెవులు పోయాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అది కథ కాదని అప్పుడు తెలిసింది. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిస్తే ముక్కలు ముక్కలుగా కొంత వినబడేది. మిగతా వేళల్లో వాగు పారుతున్నట్టు ఒకటే హోరు అని చెప్పేది.

బడి మేనేజరు చెడ్డవాడు కాదు. అయినా పిల్లలు అప్పజెప్పేది వినలేని పంతులమ్మను ఎన్నాళ్లని ఉంచుతాడు? వానాకాలం చివర సర్కారు ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడని, అప్పటిదాకా తాను ఏమీ అననని, ఆ తరువాత తన చేతిలో ఏమీ ఉండదని పీటర్‌ను పిలిచి చెప్పాడు. పీటర్ ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేక మింగలేక కక్కలేక కూర్చుంటే, అతని ముఖం చూసే ఆమె గ్రహించింది. ఉద్యోగం పోతే పోయిందిలే, దుకాణం ఉంది కదా అని అతను సైగలతో నచ్చజెప్పబోయాడు.

"బడికి పోకుండ ఇంట్ల కూసుండుడంటే నాకు మళ్ల ఆ దవాఖాన మంచమే. గీసారి లేస్తనని చెప్పలేను," అంది ఆమె.

పీటర్‌కు ఆ మాట గుండెలో దిగబడింది. ఆ రోజు నుంచి అతని బతుకులో పని ఒకటే అయింది. తనిఖీ నాటికి ఆమెకు వినబడాలి.

దారి చూపించింది రేడియోల దుకాణం మహాదేవప్ప. బీదర్ నుంచి వచ్చి మా బజారులో స్థిరపడిన మనిషి. బొంబాయి నుంచి విడి సామాను పార్సెల్లో వస్తుందని, దాన్ని ఇంట్లోనే కూర్చుకోవచ్చని చెప్పాడు. చిన్న మైకు, ట్రాన్సిస్టర్లు, తీగలు, వాటిని అతికే ఒక పలక, దాన్ని పెట్టుకునే చిన్న పెట్టె, తల మీద నుంచి పెట్టుకునే హెడ్‌ఫోను, అన్నీ అందులో ఉంటాయి. బిగించుకుంటే మైకు దగ్గర పలికిన మాట పెద్దదై చెవిలో పడుతుంది. తయారైన యంత్రం కొనడం మా తరం కాదు కనుక ఇదొక్కటే దారి. బిగించే పని తానే చేస్తానన్నాడు మహాదేవప్ప. పీటర్ ఒప్పుకోలేదు. అతుకు పెట్టడం తన పని, తన పెళ్లానికి ఇంకొకడెవడో అతుకు పెట్టడమేమిటన్నాడు.

"గిన్నెకు మాటు పెట్టినట్టు కాదు పీటరూ. వెంట్రుకంత తీగెల పని ఇది," అన్నాడు మహాదేవప్ప. అన్నాడే గాని, అతుకులు పెట్టడానికి తన దగ్గరున్న కరెంటుతో కాలే చిన్న సీసకడ్డీ ఒకటి తీసి ఇచ్చాడు.

పార్సెల్ వచ్చింది. లోపల ఇంగ్లీషులో ఒక కాగితం ఉంటే సుమిత్ర చదివి తెలుగులో చెప్పేది, పీటర్ ఆమె చెప్పినట్టు పెట్టేవాడు. ట్రాన్సిస్టరు కాలును పట్టకారుతో పట్టుకోవాలి, లేకపోతే వేడికి చచ్చిపోతుందని చెప్పింది. పట్టుకున్నాడు. అతుక్కి కరిగించే టాంకా తీగ పార్సెల్లో ఇచ్చినదే వాడాలని చెప్పింది. వాడాడు. కొలిమి ముందు పెరిగిన చేతులవి, ఆ సన్నపు పనిలో మొదట్లో వణికాయి. అంతా అయ్యాక బ్యాటరీ పెట్టి చూస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు.

పీటర్ ఆ పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. రెండు మూడు అతుకులు మసకగా, బూడిదరంగులో ఉన్నాయి. టాంకా గట్టిపడకముందే చెయ్యి కదిలి ఉంటుంది. తప్పు అక్కడే ఉందని అతను కనిపెట్టింది నిజమే. ఆ రెండు మూడింటినీ మళ్లీ కాలిస్తే సరిపోయేది. కాని మనవాడు అలా ఆలోచించలేదు. ఈ బొంబాయి టాంకాయే మంచిది కాదని తీర్పు చెప్పాడు.

"గిట్ల మసక మసకగుంటే అతుకు వట్టినట్టా? మా ఉస్తాద్ ఉంటే చెంప వగలగొడుతుండె," అని, ఉన్న అతుకులన్నీ ఊడదీశాడు. తన తగరం పుల్ల తీశాడు. తన నవసాగరం డబ్బా తీశాడు. చిటికెడు పొడి నీళ్లలో కలిపి కోడి ఈకతో ప్రతి తీగకూ పూసి, మళ్లీ అతికాడు. తెల్లటి పొగ చిన్నగా లేచింది, తగరం జారి కూర్చుంది. అన్ని అతుకులూ ముత్యాల్లా మెరిశాయి. నాకు తెచ్చి చూపించాడు. నేను కూడా భేష్ అన్నాను. నాకేం తెలుసు, సైకిళ్ల వాణ్ణి.

ఈసారి పెట్టె పలికింది.

ఆ సంగతి చెప్పాలి. సుమిత్ర హెడ్‌ఫోను పెట్టుకుని దుకాణం ముందు స్టూలు మీద కూర్చుంది. పీటర్ మైకు ముందు నోరు పెట్టి ఏం మాట్లాడాలో తెలియక, కోహీర్ జామపండ్లు తెచ్చాను తింటావా అన్నాడు. ఆమె ముఖం ముందు బిగుసుకుని, మెల్లగా విచ్చుకుంది. ఇంకోసారి అనమంది. అన్నాడు.

"గింత ముసలి గొంతు ఎప్పుడొచ్చింది నీకు?" అంది.

పీటర్ కొలిమి వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. కొలిమి అప్పటికి రాజేయనే లేదు.

ఆమె పెట్టెను గుడ్డ సంచిలో వేసి భుజానికి తగిలించుకుని బడికి పోవడం మొదలుపెట్టింది. మైకు బల్ల మీద పెట్టుకుని, పిల్లలను ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచి పాఠం చెప్పించుకునేది. సాయంత్రాలు మళ్లీ వాళ్ల గొంతులు మా దుకాణాల్లోకి వచ్చాయి. పీటర్ నడకే మారిపోయింది. గిన్నెలు తెచ్చినవాళ్లకు ముందు పెట్టె కథ చెప్పి ఆ తరువాతే గిన్నె చేతిలోకి తీసుకునేవాడు. ఇంక తనిఖీకి భయం లేదనుకున్నాం అందరం.

వానలు పడ్డాయి.

ఒక రోజు బస్సు దిగి వస్తూనే ఆమె పెట్టెను బల్ల మీద పెట్టి, చెవిలో గరగరమంటోందని, మాట మధ్యలో తెగిపోతోందని చెప్పింది. పీటర్ హెడ్‌ఫోను తాను పెట్టుకుని, ఎండు వేపపుల్లతో ఒక్కో అతుకునూ తట్టి చూశాడు. ఎక్కడ తడితే చెవిలో గరగరమంటుందో అక్కడ లోపం. ఒక అతుకు దొరికింది. పైకి చూస్తే నిగనిగలాడుతూ ఉంది. అయినా ఎందుకైనా మంచిదని కాస్త ఎక్కువ నవసాగరం పూసి మళ్లీ కాల్చాడు. పెట్టె పలికింది.

కొన్నాళ్లకు ఇంకో అతుకు. దానికీ అదే మందు. ఆ తరువాత వేరే రెండు. ఒకచోట బాగుచేస్తే ఇంకోచోట తెగేది. మొదట్లో వారం పదిరోజులు ఆగిన పెట్టె, తరువాత మూడునాళ్లకు, ఆ తరువాత రోజు విడిచి రోజు మూగబోయింది. ప్రతిసారీ పీటర్ ఇంకొంచెం పొడి పూసేవాడు. తాను పూస్తున్నదేమిటో అతనికి తెలియదు. చూస్తున్న నాకూ తెలియదు. ఇప్పుడు తలచుకుంటే లేచిపోయి ఆ డబ్బా మురికి కాలువలో పారేయాలనిపిస్తుంది.

ఉండబట్టలేక పెట్టెను మహాదేవప్ప దగ్గరికి తీసుకుపోయాడు. మహాదేవప్ప కళ్లద్దాలు పెట్టుకుని పలకను తిప్పి తిప్పి చూసి, ఇంత చక్కటి అతుకులు హైదరాబాద్‌లో కూడా చూడలేదని మెచ్చుకున్నాడు. అతుకులు భేషుగ్గా ఉన్నాయి, పోయింది ట్రాన్సిస్టరేమోనని ఒకటి మార్చాడు. నాలుగు రోజులు బాగుంది. తెల్లనివన్నీ పాలు కావని మా అవ్వ అంటుండేది. ఆ రోజు మా ముగ్గురిలో ఒక్కడికీ అది గుర్తు రాలేదు.

ఇంతలో తనిఖీ తేదీ ఖాయమైందని మేనేజరు కబురు పెట్టాడు. పీటర్ మనిషి కాకుండా పోయాడు. గిన్నెలు గుట్టగా పడి ఉండేవి, కొలిమి చల్లారి ఉండేది. నారమ్మ అనే మిఠాయి దుకాణపు ముసలమ్మ తన గంగాళం కోసం వచ్చి తిట్టిపోస్తే తల ఎత్తలేదు. అన్నం ముందు కూర్చుని పెట్టె వైపు చూసేవాడు. ముందు బ్యాటరీలను తిట్టాడు. తరువాత బొంబాయి వాళ్లను తిట్టాడు. తరువాత, ఇది తప్పు కాదని నేననను, ఆమెను తిట్టాడు. బస్సులో సంచిని మోకాళ్లకు తగిలిస్తున్నావని, పిల్లలను ముట్టనిస్తున్నావని, ఇంత కష్టపడి చేసినదాన్ని జాగ్రత్తగా పెట్టుకోవడం చేతకాదా అని గొంతు చించుకుని అరిచాడు. బజారంతా విన్నది. ఆమె ఒక్కతే వినలేదు. అతని పెదవులు కదలడం చూస్తూ నిలబడి, అతను ఆగాక, పెట్టె బాగయ్యిందా అని అడిగింది.

నాకు ఆ క్షణం అక్కడ ఉండడం ఇష్టం లేకపోయింది. లోపలికి పోయి బాగున్న ట్యూబుకే గాలి తీసి గాలి కొట్టాను.

తనిఖీ రేపనగా ఆ ఉదయం పెట్టె పూర్తిగా చచ్చిపోయింది. వేపపుల్లతో తడితే గరగర కూడా లేదు. పీటర్ సీసకడ్డీ కాల్చి, నవసాగరం డబ్బా మూత తీశాడు. సుమిత్ర ఎదురుగా కూర్చుని ఉంది. బడికి ఆ రోజు సెలవు పెట్టింది. పలకను అతని చేతిలోంచి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అతుకులను కాదు. అతుకు నుంచి బయటికి వచ్చే తీగను, దాని మీది రంగు తొడుగును చూసింది. గోటితో తొడుగును కొద్దిగా వెనక్కి లాగింది. లోపలి రాగి తీగ ఆకుపచ్చగా పొడిపొడిగా రాలింది.

"ఇగో ఇటు చూడు. ఇది చిలుము. చింతపులుసు గిన్నెకు వట్టేది ఇదే గదా," అంది. కొంచెం ఆగి, "గిన్నెకు కళాయి వెట్టినంక నువ్వు నీళ్లల్ల ముంచుతవు. దీన్నెప్పుడన్న ముంచినవా?"

పీటర్ డబ్బా మూత మళ్లీ బిగించాడు.

అంత తేలికైన మాట. గిన్నెకు చల్లిన నవసాగరంలో సగం పొగైపోతుంది, మిగిలింది నీళ్ల తొట్టిలో కడుక్కుపోతుంది. పెట్టెకు పూసింది ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది. వానగాలికి చెమ్మగిల్లి, గిన్నె మురికిని తిన్నట్టే తీగను తింటుంది. కంచే చేను మేసింది. బాగుచేసిన ప్రతిసారీ అతను పోసింది ఆ విషమే, అది కూడా ముందటిసారికంటే కాస్త ఎక్కువ. పైన తగరం మాత్రం మెరుస్తూనే ఉంది.

"నేనే," అన్నాడు పీటర్. ఆమెకు వినబడదని మరిచిపోయాడో, వినబడదనే అన్నాడో. "వానలు గాదు, బస్సు గాదు. నా చేతులే."

తడిక దాటి పోయి నేను అతని భుజం పట్టుకున్నాను. మహాదేవప్పకు విషయం చెబితే నెత్తి కొట్టుకుని, దీనికి బిరోజా వాడాలి గదా అన్నాడు. మందు దినుసులుండే పసారి దుకాణాల్లో అమ్మే పచ్చటి బంక ముక్క అది, తీగను తినదు. బొంబాయి టాంకా లోపల ఉండేది అదేనట, అందుకే దాన్నే వాడమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పరుగెత్తి తెచ్చాను. పీటర్ ఆ పగలంతా తల ఎత్తలేదు. పలకను స్పిరిటు గుడ్డతో తుడిచాడు. నవసాగరం తినేసిన తీగలను కోసి పారేసి కొత్త తీగలు వేశాడు. బిరోజా పెట్టి ఒక్కొక్క అతుకూ మళ్లీ పెట్టాడు. అవేమంత మెరవలేదు. అతను మెరుపు కోసం చూడనూ లేదు.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఒక ట్రాన్సిస్టరు కాలును నవసాగరం మొదలంటా తినేసింది. టాంకా పట్టడానికి గింజంత రాగి మాత్రమే మిగిలింది. ఎన్నిసార్లు పెట్టినా నిలవలేదు. ఆ రకం మహాదేవప్ప దగ్గర ఇంక లేదు. హైదరాబాద్ పోయి తెల్లవారేసరికి తెచ్చే బస్సూ లేదు, రైలూ లేదు. పీటర్ తీగ కొసను వంచి ఆ గింజకు ఆనించి, పైన బొటనవేలితో నొక్కి పట్టాడు. హెడ్‌ఫోను పెట్టుకున్న సుమిత్ర తల ఎత్తింది. వేలు తీస్తే పోయింది. నొక్కితే వచ్చింది. పుల్ల పెట్టి దారంతో కట్టి చూశాం, మైనం పెట్టి చూశాం. ఏది పెట్టినా క్షణం నిలిచి జారిపోయేది. మనిషి వేలికి తప్ప అది లొంగలేదు. పుస్తకమూ సుద్దముక్కా పట్టాల్సిన ఆమె చేతులకు ఆ పని కుదరదు.

అప్పుడు పీటర్ ఆమె ముఖంలోకి చూసి, పెదవులు విడివిడిగా కదుపుతూ, "నేనొస్త. నేను వట్టుకుంట," అన్నాడు.

తెల్లవారి నా రెండు సైకిళ్ల మీద ముగ్గురం పోయాం. సుమిత్రను వెనక కూర్చోబెట్టుకుని నేను, పెట్టెను రొమ్ముకు కట్టుకుని అతను. దారంతా బురద.

ఆ బడి ఒక పెంకుల హాలు. ఆదివారం అదే ప్రార్థన మందిరం. ముందు భాగంలో పెద్ద బల్ల, దాని మీద నేలదాకా వేలాడే తెల్లగుడ్డ. పీటర్ ఆ బల్ల కింద దూరి గుడ్డ దింపుకున్నాడు. పెట్టె ఒళ్లో పెట్టుకుని వేలు నొక్కి కూర్చున్నాడు. మైకు బల్ల మీద పూలచెంబు పక్కన ఉంది. సుమిత్ర కుర్చీలో కూర్చుంది. పిల్లలు చూశారు గాని, ఆమె నోటి మీద వేలు పెడితే ఒక్కరూ నవ్వలేదు. నేను వాకిట్లో సైకిళ్ల దగ్గర నిలబడ్డాను. తలుపు తీసి ఉంది కనుక అంతా కనబడింది, వినబడింది.

ఇన్‌స్పెక్టరు నెమ్మదైన మనిషి. మేనేజరుతోపాటు వచ్చి, ఆమె తల మీది హెడ్‌ఫోను చూసి, మంచిదే అన్నాడు. పిల్లలను లేపాడు. వాళ్లు పద్యాలు చెప్పారు, ఎక్కాలు చెప్పారు. ఒక పిల్ల ఒత్తు పలకకుండా దాటేస్తే సుమిత్ర వెంటనే ఆపి సరిచేసింది. వెనక వరసలో ఒకడు గుసగుసలాడితే వాడి పేరు పెట్టి పిలిచింది. నాకు ఒళ్లు పులకరించింది. బల్ల కింద ఆ వేలికి ఎంత నొప్పి పుడుతోందో, ఊపిరి కూడా ఎలా బిగపట్టుకున్నాడో నాకొక్కడికే తెలుసు. దేవుడా, ఇంకొక్క గడియ, అనుకున్నాను. నా దేవుడో వాళ్ల దేవుడో, ఎవరు వింటే వారు.

బల్ల కింద నుంచి దగ్గు వినబడింది. ఆపుకుని ఆపుకుని ఇంక ఆపుకోలేక దగ్గాడు. కొలిమి పొగ తాగిన రొమ్ము అది. ఇన్‌స్పెక్టరు వంగి గుడ్డ ఎత్తాడు.

బయటికి రమ్మన్నాడు. పీటర్ కదలలేదు. బయటికి వస్తే తీగ తెగుతుందని, ఆమెకు వినబడదని, తాను ఆమె పెనిమిటినని, అతుకు తానే చెడగొట్టానని, తాను ఇక్కడ కూర్చుంటే ఎవరికీ నష్టం లేదని అక్కడి నుంచే చెప్పాడు. మేనేజరు తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చాలాసేపు వంగే ఉండి, పెట్టెను, దాని మీద తెల్లబారిన ఆ వేలును చూశాడు. కోప్పడలేదు. నిలబడి, మేనేజరు వైపు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. తగ్గించినా మైకు పక్కనే ఉంది.

"పిల్లల చదువులో తప్పు పట్టలేను. కాని రేపు ఈయన ఇక్కడ ఉండడు," అని మొదలుపెట్టాడు.

ఆ మాట ఎటు పోతుందో పీటర్‌కు తెలిసిపోయింది. బొటనవేలు ఎత్తేశాడు. నెలల తరబడి ఆమె చెవిలో మాట పడాలని చచ్చీచెడీ పనిచేసిన మనిషి, ఈ మాట పడకూడదని వేలు ఎత్తేశాడు.

సుమిత్ర ముఖం మారింది. ఎదురుగా పెదవులు కదులుతున్నాయి, చెవిలో మళ్లీ ఆ వాగు హోరు. ఆమె మేనేజరు ముఖం చూసింది. తరువాత గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, వెతికి, పీటర్ చేతిని పట్టుకుంది. అతని బొటనవేలిని తీగ మీద పెట్టి, దాని మీద తన వేలు పెట్టి నొక్కింది.

"సార్, నడుమల తెగిపోయింది," అంది. "నా సంగతే గదా. నాకు ఇనబడేటట్టు మళ్ల చెప్పున్రి."

ఇన్‌స్పెక్టరు మైకుకు దగ్గరగా జరిగాడు. తరువాత ఆమె వైపు తిరిగి, మొదటి నుంచి చెప్పాడు. పిల్లలు చక్కగా చదువుతున్నారని, రేపు పెనిమిటి ఇక్కడ కూర్చోడని, పెట్టె మూగబోయిన రోజు వెనక వరసలో ఒక బిడ్డ ఏడ్చినా ఆమెకు తెలియదని, దసరా సెలవులు కాగానే ఈ తరగతికి ఇంకొకరు వస్తారని, తాను అలాగే రాయక తప్పదని. ఒక్క మాట కూడా తెగలేదు. బల్ల కింద పీటర్ భుజాలు కదిలి గుడ్డ ఊగుతోంది గాని, వేలు కదలలేదు.

సుమిత్ర చివరిదాకా విని, విన్నానని తల ఊపింది. పిల్లల వైపు తిరిగి, గంట కొట్టడానికి ఇంకా టైం ఉంది, లెక్కల పుస్తకాలు తీయమంది.